ట్రైలర్ తోక ఊపింది: రాజమండ్రి నుంచి అంతర్వేది దాకా

"ఏం కాదండీ, కారు నడిపినట్టే" అన్నాడు, బండి వెనక తగిలించుకుని లాక్కెళ్ళే ఇల్లులాంటి ట్రైలర్ అద్దెకిచ్చినాయన. మూడు రోజులకి 13,500, డిపాజిట్ 10,000. ఆ మాట నమ్మి బయల్దేరిన పూటే, జొన్నాడ దాటాక గౌతమి వంతెన మీద మా ప్రాణాలు గాల్లో దీపాలయ్యాయి.

మాది ఇసుజు వి-క్రాస్ పికప్ బండి. గంటకి 80లో వెళ్తుంటే ఓ కంటైనర్ లారీ పక్కనుంచి దూసుకుపోయింది. ఆ గాలికి ట్రైలర్ తోక ఊపడం మొదలెట్టి, బండి వెనక భాగాన్ని కూడా అటూ ఇటూ లాగేసింది. భయంతో బ్రేక్ తొక్కాను, ఊపు ఇంకా పెరిగింది. ముందు బండి ఆగుతుంటే వెనకది నెట్టుకొస్తుంది మరి. బ్రేక్ వదిలి, యాక్సిలరేటర్ మీంచి కాలు తీసి, స్టీరింగ్ కదపకుండా బిగించి పట్టుకుంటే వేగం తగ్గి సర్దుకుంది. రావులపాలెం వచ్చినా మా ఆవిడ ఒక్క మాట మాట్లాడలేదు. తిట్టినా బాగుండేది.

అక్కడో కాటా దగ్గర ఆపాను. అరటి గెలల లారీల వరుసలో మా వాలకం చూసి కాటా కుర్రాడు నవ్వాడు గానీ, పని శ్రద్ధగా చేశాడు. ట్రైలర్ ఊడదీసి తూస్తే 1,180 కిలోలు. మళ్ళీ తగిలించి, దాని చక్రాలు మాత్రమే కాటా మీద ఉంచితే 1,120. ఆ తేడా 60 కిలోలే బండి కొక్కెం మీద పడుతున్న బరువు. అది మొత్తంలో 10 నుంచి 15 శాతం ఉండాలి. మాది 5. ముక్కు తేలికైతే తోక ఊగక ఏం చేస్తుంది?

దోషం మా బావమరిదిది. కడియంలో కొన్న డజను పూలకుండీలు, రెండు నీళ్ళ టిన్నులు తీసుకెళ్ళి వెనకాఖర్న పెట్టాడు. "ముందు పెడితే అక్క కాళ్ళకి అడ్డమొస్తాయి బావా" అని సంజాయిషీ ఒకటి. అన్నీ ఇరుసుకి ముందుకి జరిపి తూస్తే 1,030 వచ్చింది, అంటే కొక్కెం మీద 150. మూడు తూకాలకి 180 రూపాయలు. ఈ యాత్రలో ఇంతకంటే న్యాయమైన ఖర్చు లేదు.

"గురువుగారూ, దీని బ్రేకు తీగ ఊడిపోయి వేలాడుతోందండి, ఆయ్" అని ఆ కుర్రాడే చూపించాడు. కొక్కెం ఊడినా ట్రైలర్‌ని పట్టి ఉంచడానికి దాని కింద కత్తెరలా వేయాల్సిన రెండు గొలుసుల్లో ఒకటి అసలు లేనే లేదు. ఓనరుకి ఫోన్ చేస్తే "అవెవరూ వాడరండీ" అన్నాడు! మెకానిక్‌కి 700, గొలుసుకి 450.

అక్కణ్ణుంచి 60 దాటలేదు. అమలాపురం, రాజోలు హాయిగా గడిచాయి. దిండిలో ఓ గెస్ట్‌హౌస్ ఆవరణలో రాత్రి నిలుపుకోవడానికి 1,500, కరెంటుకి 400. వోల్టేజీ లేక ఏసీ మొదలే కాలేదు, ఆ 400 మాత్రం వదల్లేదు. దోమలు ఉచితం.

అంతర్వేదిలో దర్శనం, సంగమం చూసుకుని సఖినేటిపల్లి రేవుకొచ్చాం. బండ్లని గోదావరి దాటించే పంటు మీద నరసాపురం వెళ్దామని మా ఆశ. పంటు నడిపే సరంగు వంగి ట్రైలర్ అడుగు చూసి, "ఎక్కేచోట కొక్కెం నేలకి తగులుద్దండి, వద్దు" అన్నాడు. ఛార్జీ పోగొట్టుకుని మరీ నిజం చెప్పిన మనిషి. రేవు పక్కనే 150కి చేపల పులుసుతో భోజనం చేశాకే మా ఆవిడ నోరు విప్పింది, అదీ మారు వడ్డించమని. తర్వాత చించినాడ వంతెన మీదుగా చుట్టూ తిరిగి వెళ్ళాం. లీటరుకి 12 ఇచ్చే బండి 8 ఇచ్చింది.

మీరూ తీసుకుంటే డబ్బు కట్టేముందు బ్రేకు, గొలుసులు, టైర్లలో గాలి చూసుకోండి. బండి కంటే ట్రైలర్ వెడల్పు కాబట్టి వెనక కనబడేలా పక్కలకి పొడుగు అద్దాలు బిగించమని పట్టుబట్టండి.

ట్రైలర్ తిరిగి ఇచ్చినప్పుడు, వెనక లైటు గీసుకుందని డిపాజిట్‌లో 2,000 కోశాడు. నేను కొన్న గొలుసు ఊడదీసుకుంటుంటే, లోపల ఇంకెవరికో ఫోన్లో చెబుతున్నాడు: "ఏం కాదండీ, కారు నడిపినట్టే."