వియత్నాంలోని డా నాంగ్‌లో ఇంగ్లీష్ టీచర్ ఉద్యోగమని 1,60,000 తీసుకున్నారు. అనంతపురం వాళ్ళు జాగ్రత్త

నిన్న సాయంత్రం జరిగింది ఇది. రాత్రంతా నిద్ర పట్టలేదు. కోపం తగ్గాక రాద్దామనుకున్నా, కానీ ఈ రోజు కూడా అక్కడ డబ్బు కట్టడానికి ఎవరో ఒకరు మెట్లెక్కుతుంటారు. అందుకే ఇప్పుడే రాస్తున్నా.

టవర్ క్లాక్ నుంచి నడిచి వెళ్ళేంత దూరంలో, మేడ మీద ఉన్న ఆ విదేశీ ఉద్యోగాల ఆఫీసు గురించి. పేరు రాయడం లేదు. కానీ మన ఊళ్ళో బీఈడీ, ఎంఏ ఇంగ్లీష్ చేసినవాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే ఆ పోస్టరు మీరు చూసే ఉంటారు. "ఇంగ్లీష్ టీచర్లకు వియత్నాం, థాయ్‌లాండ్. నెలకు 1,200 డాలర్లు. నగరం మీరే ఎంచుకోండి." ఆ చివరి మాటకే నేను పడిపోయాను.

నా సంగతి క్లుప్తంగా చెప్తా. ఎస్‌కేయూలో (శ్రీకృష్ణదేవరాయ యూనివర్సిటీ) ఎంఏ ఇంగ్లీష్. ఎనిమిదేళ్ళుగా ప్రైవేట్ స్కూల్లో పాఠాలు చెప్తున్నా. చిన్నప్పటి నుంచి మన జిల్లాలో సేవ చేసే ఆర్డీటీ సంస్థకు వచ్చే స్పెయిన్ వాళ్ళను చూస్తూ పెరిగాం కదా. ఎక్కడో పుట్టినవాళ్ళు ఇంత దూరం వచ్చి బత్తలపల్లిలో, కళ్యాణదుర్గంలో ఉండి పని చేస్తుంటే, మనం ఇంకో దేశానికి పోయి పిల్లలకు పాఠం చెప్పలేమా అని ఎప్పటినుంచో మనసులో ఉండేది. అమ్మ గాజులు కుదువ పెట్టి నాయన డబ్బు తెచ్చాడు. నాయన ఆర్టీసీలో కండక్టర్‌గా రిటైరయ్యాడు.

వియత్నాంలో ఏ నగరమని నాలుగు నెలలు చదివాను. రాత్రి స్కూల్ నోటు పుస్తకాలు దిద్దడం అయ్యాక కూర్చుని నోట్స్ రాసుకున్నాను. హనోయ్‌లో కోచింగ్ సెంటర్లు ఎక్కువ, పని దొరకడం సులువు, కానీ చలికాలంలో గాలి బాగా పాడైపోతుంది. నాకు ఆస్తమా ఉంది కాబట్టి అది వద్దనుకున్నా. హో చి మిన్ సిటీలో అవకాశాలు ఇంకా ఎక్కువ, ఏడాదంతా వేడి. అనంతపురం ఎండలో పెరిగినదానికి వేడి లెక్క కాదు గానీ, అంత పెద్ద ఊరు, ఆ మోటార్ సైకిళ్ళ రద్దీ చూసి అమ్మ భయపడింది. డా నాంగ్ దేశం మధ్యలో ఉంటుంది, సముద్రం పక్కన. ఊరు చిన్నది, అద్దెలు తక్కువ. అయితే సెంటర్లు కూడా తక్కువే, సెప్టెంబర్ నుంచి డిసెంబర్ దాకా వానలు బాగా పడతాయి. ఇవన్నీ చూసుకుని డా నాంగ్ అన్నాను. ఆఫీసులో ఆయన వెంటనే "సూపర్ ఛాయిస్ మేడం" అన్నాడు. డ్రాగన్ బొమ్మ ఉన్న వంతెన ఫోటో చూపించాడు. ఏ నగరం చెప్పినా అదే మాట అంటాడని ఇప్పుడు అర్థమవుతోంది. నేను నాలుగు నెలలు నగరాల గురించి చదివాను. ఆ దేశంలో పని చేయడానికి ఏ కాగితం కావాలో ఒక్క గంట చదవలేదు. ఇది పూర్తిగా నా తప్పే.

కట్టిన లెక్క ఇది. రిజిస్ట్రేషన్ 30,000. సర్టిఫికెట్ కోర్సు 45,000. వీసా, ప్లేస్‌మెంట్ 85,000. మొత్తం ఫోన్‌పేలో, ఒక వ్యక్తి పేరు మీద. రసీదులో మాత్రం "ట్రైనింగ్ ఫీజు, తిరిగి ఇవ్వబడదు" అని ఉంది. ఉద్యోగం, వియత్నాం, వీసా, ఈ మూడు మాటల్లో ఒక్కటి కూడా ఆ రసీదులో లేదు. అడిగితే "సాఫ్ట్‌వేర్‌లో అట్లే వస్తాది మేడం" అన్నారు. నేను సరే అన్నాను.

కోర్సు సంగతి కూడా చెప్పాలి. బయటి దేశాల్లో సాధారణంగా 120 గంటల టీచింగ్ సర్టిఫికెట్ అడుగుతారు. కేంబ్రిడ్జ్ వాళ్ళ సెల్టా అనే టీచింగ్ కోర్సులో అయితే నిజమైన విద్యార్థుల ముందు ఆరు గంటలు పాఠం చెప్పి చూపించాలి, పక్కన శిక్షకులు కూర్చుని గమనిస్తారు. వీళ్ళు మూడు రోజుల్లో ఒక పీడీఎఫ్ పంపారు. దాని మీద 120 గంటలు అని ఉంది. నేను ఒక్క క్లాసుకు వెళ్ళలేదు, నా పాఠం ఎవరూ వినలేదు. ఎనిమిదేళ్ళు పాఠం చెప్పినదాన్ని, నా పాఠం ఎవరూ వినకుండా సర్టిఫికెట్ ఎట్లా వచ్చిందని అప్పుడే అడగాల్సింది.

నిన్న పొద్దున వీసా వాట్సాప్‌లో వచ్చింది. సంతోషంగా తెరిచాను. ఈ-వీసా, 90 రోజులు. ఎందుకు వస్తున్నారు అన్న చోట టూరిస్ట్ అని ఉంది. అధికారిక వెబ్‌సైట్‌లో చూస్తే ఆ ఒక్కసారి ప్రవేశం వీసా ఫీజు 25 డాలర్లు. దానికి మా దగ్గర 85,000 తీసుకున్నారు. టూరిస్ట్ వీసా మీద అక్కడ పాఠం చెప్తే చట్టవిరుద్ధం. పట్టుబడితే జరిమానా, దేశం నుంచి పంపేయడం. ఆ కష్టం పడేది నేను, ఆఫీసులో కూర్చున్నాయన కాదు.

వీళ్ళు ఇచ్చిన ఆఫర్ లెటర్ మీద ఉన్న డా నాంగ్ కోచింగ్ సెంటర్ పేరు వెతికి, వాళ్ళ సొంత వెబ్‌సైట్‌లో ఉన్న మెయిల్‌కు రాశాను. మూడు గంటల్లో జవాబు వచ్చింది. ఆ లెటర్ మాది కాదు, ఆ సంతకం ఎవరిదో తెలియదు అన్నారు. పాపం, మర్యాదగా ఇంకొన్ని విషయాలు కూడా రాశారు. విదేశీ టీచర్‌ను తీసుకోవాలంటే డిగ్రీ, టీచింగ్ సర్టిఫికెట్, పోలీస్ క్లియరెన్స్, ఆరోగ్య పరీక్ష కావాలి. మన డిగ్రీ మీద విదేశాంగ శాఖ ముద్ర, ఆపై వియత్నాం ఎంబసీ ముద్ర పడాలి. వర్క్ పర్మిట్‌కు దరఖాస్తు చేసేది పనిలో పెట్టుకునే సంస్థ. వీళ్ళు నా ఒరిజినల్ డిగ్రీ ఒక్కసారి కూడా అడగలేదు. జిరాక్స్ చాలన్నారు. ఒరిజినల్ అడగకపోతే మంచివాళ్ళని అనుకున్నాను.

సాయంత్రం నాయనను తీసుకుని వెళ్ళాను. సోఫాల్లో ఏడెనిమిది మంది పిల్లలు ఫైళ్ళు పట్టుకుని కూర్చున్నారు. నేను వీసా ప్రింట్ టేబుల్ మీద పెట్టి, ఇది టూరిస్ట్ వీసా కదా, ఉద్యోగం ఎట్లా చేస్తాను అని అడిగాను. "అందరూ అట్లే పోతారు మేడం, 90 రోజులయ్యాక బార్డర్ దాటొచ్చి మళ్ళీ 90 రోజులు తీసుకోవచ్చు" అన్నాడు. మీకు లైసెన్స్ ఉందా అంటే, మీది ఈసీఎన్‌ఆర్ పాస్‌పోర్ట్, మీకు లైసెన్స్ ఉన్న ఏజెంట్ అక్కర్లేదు అన్నాడు. అది పచ్చి అబద్ధం. ఈసీఎన్‌ఆర్ అంటే విదేశాల్లో పనికి వెళ్ళేటప్పుడు ప్రభుత్వ ఎమిగ్రేషన్ అనుమతి అక్కర్లేదని, అది మన పాస్‌పోర్ట్‌కు సంబంధించిన మాట, ఏజెంట్ లైసెన్స్‌కు దానితో సంబంధం లేదు. సెంటర్ వాళ్ళ మెయిల్ చూపించాను. అప్పుడు ఆయన ముఖం మారింది.

నాయన అప్పటిదాకా మాట్లాడలేదు. "సామీ, మాకు ఈ కాగితాలేమీ తెలీదు. మా పాప అడిగేదానికి జవాబు చెప్పు" అన్నాడు.

ఆయన నన్ను చూడకుండా నాయన వైపు తిరిగాడు. "పెద్దాయనా, నిజం చెప్తే బాధపడతారని ఇన్నాళ్ళూ చెప్పలేదు. మీ పాపకు ఇంగ్లీష్ సరిగా రాదు. వాళ్ళు ఫోన్లో మాట్లాడి వద్దన్నారు. అందుకే మేము టూరిస్ట్ వీసాలో సర్దుతున్నాం" అన్నాడు.

నాతో ఫోన్లో ఎవరూ మాట్లాడలేదు.

గదిలో అందరూ నన్ను చూశారు. అది నేను భరించగలను. కానీ నాయన కూడా తిరిగి నన్ను చూశాడు. ఒక్క క్షణం. మా నాయనకు ఇంగ్లీష్ రాదు. నాకు వస్తుందో రాదో తెలుసుకునే దారి ఆయనకు లేదు. ఇంటర్ నుంచి ఎంఏ దాకా నేను చెప్పిందే నమ్మి ఫీజులు కట్టాడు. ఆ మాట ఎక్కడ తగులుతుందో తెలిసే ఆ మనిషి అక్కడ కొట్టాడు. డబ్బు తీసుకున్నందుకు కన్నా నాకు దీనికే ఎక్కువ మండుతోంది.

నేను ఇంగ్లీష్‌లోనే అడిగాను. ఏ తేదీన, ఏ నంబరు నుంచి, ఎవరు నాతో మాట్లాడారో చెప్పండి, ఈ వీసా మీద రాసింది అందరికీ వినపడేలా చదవండి అని. ఆయన జవాబు చెప్పకుండా ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని లోపలి గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాడు. అరగంట నిలబడ్డాం. ఒక అమ్మాయి వచ్చి, సార్ మీటింగ్‌లో ఉన్నారు, రసీదు వెనక షరతులు చదువుకోండి అంది.

బండి మీద ఇంటికొస్తుంటే నాయన వెనక నుంచి "నీకు ఇంగ్లీష్ వస్తాదని నాకు తెలుసులేమ్మా" అన్నాడు. నేను మాట్లాడలేకపోయాను.

ఇంకో మాట చెప్పకపోతే ఈ పోస్ట్ రాసి లాభం లేదు. ఆ సోఫాలో పదో తరగతిలో నా దగ్గర చదివిన అబ్బాయి ఉన్నాడు. ఒడిలో బ్యాంకు కవరు ఉంది. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. నేను ఆ అవమానంలో వాడితో ఒక్క మాట మాట్లాడకుండా మెట్లు దిగేశాను. ఆ తప్పు నాదే.

వెళ్ళాలనుకునేవాళ్ళకు నాకు తెలిసినంత చెప్తా. విదేశీ ఉద్యోగాల ఏజెంట్ నమోదై ఉన్నాడో లేదో కేంద్రం వారి ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో చూడండి. నమోదైన ఏజెంట్ సర్వీస్ చార్జీ 30,000, దాని మీద జీఎస్టీ, అంతకు మించి తీసుకోకూడదు. నగరం తర్వాత చూసుకోవచ్చు, ముందు మన పాస్‌పోర్ట్‌తో ఆ దేశం ఏ వీసా మీద టీచర్‌గా పని చేయనిస్తుందో చూడండి. కొరియాలో ఇంగ్లీష్ టీచర్ల ఈ-2 వీసా ప్రధానంగా అమెరికా, బ్రిటన్ లాంటి ఏడు దేశాల వాళ్ళకే. థాయ్‌లాండ్‌లో మనలాంటి వాళ్ళను టోయిక్ లాంటి ఇంగ్లీష్ పరీక్ష స్కోరు అడుగుతారు. సెంటర్‌కు మీరే నేరుగా మెయిల్ పెట్టండి. టూరిస్ట్ వీసా అంటే అక్కడే లేచి వచ్చేయండి. 2024లో విశాఖ పోలీసులు బయటపెట్టిన కాంబోడియా కేసు గుర్తుంది కదా, డేటా ఎంట్రీ ఉద్యోగాలని తీసుకెళ్ళి మన పిల్లలతో సైబర్ మోసాలు చేయించారు.

సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేశాను. రేపు ఉదయం నేను, నాయన పోలీస్ స్టేషన్‌కు వెళ్తున్నాం. ఆ ఆఫీసులో డబ్బు కట్టినవాళ్ళు ఎవరైనా ఉంటే రసీదు, ఫోన్‌పే స్క్రీన్‌షాట్ తీసుకుని మాతో రండి. ఒక్కరి మాట కన్నా పదిమంది ఫిర్యాదు గట్టిగా ఉంటుంది. నాకు మెసేజ్ పెట్టండి, టైం చెప్తా.

నిన్న ఆ సోఫాలో కూర్చున్న అబ్బాయీ, ఇది నీ దాకా వస్తే ఆ కవరు ఇంట్లో అమ్మ చేతికి ఇచ్చేయ్ నాయనా. తర్వాత నాకు ఫోన్ చెయ్యి. నా నంబరు పాతదే.