ఊసరవెల్లి గూట్లో మొక్కలు: తిరుపతి ఎండలో మూడున్నరేళ్లకు మిగిలినవి ఇవీ

ముందే ఒక మాట. నా దగ్గరున్నది మన కంచెల మీద కనబడే ఊసరవెల్లి కాదు. దాన్ని పట్టి పెంచితే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. నాది యెమెన్, సౌదీ కొండల జాతి, నెత్తిన టోపీ పెట్టినట్టుండే వీల్డ్ కెమీలియన్, మగది. విదేశీ జంతువుల నమోదుకు 2024లో నిబంధనలు వచ్చినప్పుడు కేంద్ర పర్యావరణ శాఖ వాళ్ల పరివేష్ పోర్టల్లో నమోదు చేయించినా. కాగితాల్లేకుండా అమ్మేవాళ్ల జోలికి పోకండి. ఇంక మొక్కల సంగతికి వస్తా.

గూడు రెండడుగుల వెడల్పు, రెండడుగుల లోతు, నాలుగడుగుల ఎత్తు. చుట్టూ అల్యూమినియం జాలీ. ఈ జీవి ముందు గిన్నెలో నీళ్లు పెడితే అటు తిరిగి కూడా చూడదు. ఆకు మీద బొట్టు మెరిస్తేనే అవి నీళ్లని దానికి తెలుస్తుంది. అందుకే లోపల బతికున్న మొక్కలు ఉండి తీరాలి. మొదట్లో నర్సరీకి పోయి "తడికి బాగా బతికేవి ఇయ్యన్నా" అని అడిగి ఆరు కుండీలు తెచ్చుకున్నా. ఏప్రిల్ దాటేలోపు నాలుగు పోయినాయి.

ఆ నాలుగూ పోయినాక బుర్రకెక్కిన సంగతి ఇది. వేళ్లకు తడి కావాల్సిన మొక్క ఒక రకం, గాల్లో తేమ కావాల్సిన మొక్క ఇంకో రకం. మొదటిదానికి ఒక చెంబు నీళ్లు చాలు. రెండోదానికి మే నెల తిరుపతిలో ఏం పోస్తాం? బయట 42 డిగ్రీలు, గూట్లో తేమ మీటరు మధ్యాహ్నం 25 శాతం. నా ఊసరవెల్లికి పగలు 40, 50 శాతం ఉంటే చాలు, రాత్రి చల్లబడినాక 80 దాటితే మంచిది. అట్లని పగలూ రాత్రీ నీళ్లు చిమ్ముతూ కూర్చోకూడదు. వేడి, తడి, గాలాడకపోవడం మూడూ ఒకచోట చేరితే దానికి ఊపిరితిత్తుల జబ్బు పట్టుకుంటుంది. కాబట్టి రాత్రి తడిసి, పొద్దునకు ఆరిపోయి, మధ్యాహ్నం ఎండకు బదులు గూట్లో వెలిగించే కరెంటు దీపం వేడిని కూడా ఓర్చుకునే మొక్కలే నాకు కావాలి. ఆ లెక్కన చూస్తే నర్సరీలో ముచ్చటపడి కొనే వాటిలో సగం పనికిరావు.

బోస్టన్ ఫెర్న్‌తో మొదలుపెడతా, ఎందుకంటే ఎక్కువ డబ్బు తగలేసింది దానికే. మూడుసార్లు కొన్నా. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, మనకు ఈశాన్య రుతుపవనాల వానలు పడే రోజుల్లో, గూడు తలకోన అడవిలా ఉంటుంది. మార్చి రాగానే ఆకుల కొసలు గోధుమరంగుకు తిరుగుతాయి, మే కల్లా చీపురుకట్ట. పైగా ఆ సన్న ఆకుల మీద బొట్టు నిలవదు, చెదిరి కిందికి జారిపోతుంది. ఆకుల మీద తెల్లటి ఈనెల వల ఉండే ఫిట్టోనియా ఇంకా సుకుమారం. ఒకపూట నీళ్లు మరిస్తే వాలిపోతుంది, పోస్తే లేస్తుంది. అట్లా నాలుగైదుసార్లు లేచి ఆరోసారి లేవలేదు. ఫైకస్ బెంజమినాను గూట్లో పెట్టిన వారానికే ఆకులన్నీ రాల్చేసింది. చోటు మారితే ఆ చెట్టు అంతే. గిల్లితే పాలు కారతాయి, ఆ పాలు చర్మానికి మంట. ఎండిన కొమ్మలు మాత్రం పారేయలేదు. దీపం కింద అడ్డంగా కట్టినా, మా వాడు రోజూ ఎండ కాచుకునేది వాటి మీదే.

నిలబడినవాటిలో మొదటిది మనీ ప్లాంట్. ఇంత మామూలు మొక్కా అని నేనే చిన్నచూపు చూసినా. పొద్దున ఆరున్నరకు నీళ్లు చిమ్మే మోటారు ఆగినాక రెండు నిమిషాలు కదలకుండా చూడండి. పైఆకు మీద పడిన నీళ్లు నడి ఈనె వెంట జారి, కొసన బొట్టుగా ఆగుతాయి. వాడు ఒక కన్ను నా వైపు, ఒక కన్ను ఆ బొట్టు వైపు పెట్టి అడుగు ముందుకు, అడుగు వెనక్కి ఊగుతూ వచ్చి, ఆకు కొసను నోటితో పట్టుకుంటాడు. గొంతు కింద చర్మం గుటక గుటకకూ కదులుతుంది. వెడల్పాటి, కొస దిగిన ఆకు ఎందుకు కావాలో అక్కడ అర్థమవుతుంది. ఈ జాతి ఆకులు కూడా కొరుకుతుంది. మనీ ప్లాంట్ ఆకులో నోరు దురద పెట్టించే కాల్షియం ఆక్సలేట్ సూదులు ఉంటాయి. మా వాడు అప్పుడప్పుడు అంచులు కొరికినా ఇన్నేళ్లలో ఏమీ కాలేదు. మీది ఆకులకు ఆకులే తినేసేదైతే తీగను దానికి అందని మూలకు మార్చండి. డిఫెన్‌బేకియా, గన్నేరు మాత్రం ఆ గది దరిదాపుల్లో కూడా వద్దు.

రెండోది షెఫ్లెరా, గొడుగులా ఆకులు విప్పేది. కాండం గట్టిది, పెద్ద ఊసరవెల్లి బరువును మోస్తుంది. రెండుసార్లు నడినెత్తిన కత్తిరించినా, మళ్లీ గుబురుగా వచ్చింది.

మందారం నిజానికి గూటి మొక్క కాదు, దానికి ఎండ కావాలి. రెండు కుండీలు పెట్టుకుని వారం ఒకటి లోపల, ఒకటి మిద్దె మీద మారుస్తుంటా. పువ్వు కనబడితే వాడు పురుగుల్ని కూడా వదిలేసి వస్తాడు. మా అమ్మకు అదే కోపం. "ఏమిరా, పూలు దేవుడికి కోసేదా, నీ తొండకు పెట్టేదా?" తొండ కాదమ్మా అని మూడేళ్లుగా చెప్తున్నా. మిద్దె మీది కుండీ ఆమెదని ఒప్పందం.

ఇప్పుడు అసలు దెబ్బ. రెండో ఏడు ఒక నర్సరీలో బాణం ములుకులాంటి ఆకులుండే సింగోనియం తీగ కొని, పైపైన కడిగి ఆ సాయంత్రమే లోపల పెట్టినా. మేతకు వదిలిన కీచురాళ్లలో కొన్ని ఆ కుండీ మట్టిలో దూరినాయి. పొద్దునకు తొమ్మిది వెల్లకిలా పడున్నాయి. మట్టి తవ్వి చూస్తే నల్లటి గుళికల మందు. అదృష్టం బాగుండి వాడు వాటిని తినలేదు. అప్పటినుంచి ఏ మొక్క తెచ్చినా పాత మట్టి మొత్తం దులిపి, వేళ్లు కడిగి, ఎర్రమట్టి, కొబ్బరి పొట్టు, వానపాముల ఎరువు కలిపిన మట్టిలోకి మార్చి, మిద్దె మీద నీడలో నలభై రోజులు ఉంచుతా. పీల్చుకునే రకం మందైతే ఆకులోనూ ఉంటుంది, కడిగితే పోదు, అందుకే పాత ఆకులు తుంచేసి కొత్తవి వచ్చేదాకా ఆగుతా. మట్టి మీద వాడి తలకంటే పెద్ద గులకరాళ్లు పరుస్తా. చిన్నవైతే పురుగుతో పాటు నాలుకకు అంటుకుని లోపలికి పోతాయి.

నీళ్ల గురించి కూడా చెప్పాలి. మా బోరు నీళ్లు ఉప్పు. రెండు నెలల్లో ఆకులన్నీ సున్నం కొట్టినట్టయినాయి, నాజిళ్లు పూడుకుపోయినాయి. ఇప్పుడు చిమ్మడానికి ఆర్‌ఓ నీళ్లే, కుండీలకు మాత్రం బోరువి. ఎండాకాలం గూడుకు మూడు పక్కలా ఫ్లెక్సీ కడతా. ఎన్నికలయినాక వీధిలో ఊరికే దొరికింది, ఏ పార్టీదో అడగొద్దు, బొమ్మ బయటికి కనబడకుండా తిప్పి కట్టినా. పైన, ముందు జాలీ వదిలేస్తే గాలాడుతుంది, తేమ పది పదిహేను శాతం ఎక్కువ నిలుస్తుంది. మేలో రాత్రి మొదటి జామున చిమ్మను, తెల్లవారుజామున నాలుగింటికి చల్లబడినాకే. వానాకాలం ఫ్లెక్సీ తీసేస్తా, లేదంటే మట్టి మీద బూజు, చిన్న చిన్న దోమలు.

మా పెరటి తమలపాకు తీగ కూడా ఒక కొమ్మ పెట్టి చూసినా. నవంబరులో బాగానే పాకింది. వాడు ఆ ఆకును ముట్టలేదు, బొట్లు మాత్రం తాగినాడు. ఏప్రిల్లో పసుపుపచ్చ తిరిగితే తీసి మళ్లీ పెరట్లోనే నాటినా. ఈసారి వానలు మొదలైనాక కింది అరలో, దీపానికి దూరంగా, మనీ ప్లాంట్ నీడలో పెట్టి చూస్తా.