ట్రెయిలర్‌లో 12 వోల్టుల ఫ్రిజ్: చల్లదనానికి వంక లేదు, పేచీ అంతా కటాఫ్‌తోనే

కరెంటు లేని చోట, వంటగది ఉన్న మా విడిది ట్రెయిలర్ నిలిపి వండుకొని తినే మాకు ఫ్రిజ్ ఎంపిక పెద్ద చిక్కుముడి కాలేదు. గ్యాసుతో నడిచే అబ్జార్ప్షన్ ఫ్రిజ్ చప్పుడు చేయదు, బ్యాటరీ జోలికీ రాదు. కానీ బయటి వేడి కంటే ఇరవై, పాతిక డిగ్రీలకు మించి చల్లబరచలేదు, పైగా బండి ఏటవాలుగా నిలిస్తే సరిగా పనిచేయదు. విజయవాడ ఎండ 45 డిగ్రీలను తాకే రోజున ఆ లెక్కన పాలు సాయంత్రం దాకా నిలవవు. అందుకే మూత పైకి తెరుచుకునే బ్యాటరీతో నడిచే 40 లీటర్ల కంప్రెసర్ ఫ్రిజ్ తీసుకున్నాము.

చల్లదనం విషయంలో దానికి ఈనాటికీ పూర్తి మార్కులు వేస్తాను. నా ఫిర్యాదు బ్యాటరీని కాపాడుతుందని చెప్పే కటాఫ్ మీద. వోల్టేజి ఒక హద్దు కంటే పడిపోగానే ఫ్రిజ్ తనంతట తానే ఆగిపోతుంది. కారు బ్యాటరీ మీద నడిపేవారికి అది మేలే, తెల్లవారి ఇంజను స్టార్టు కాని అవస్థ తప్పుతుంది. మాకు మాత్రం సూర్యలంక తీరాన, నిజాంపట్నంలో కొన్న రొయ్యలు లోపల ఉండగా, అర్ధరాత్రి ఆగిపోయింది. బ్యాటరీ దగ్గరి మీటరు 12 వోల్టులు చూపుతుంటే ఫ్రిజ్ తెర మీద మాత్రం తక్కువ వోల్టేజికి గుర్తయిన కోడ్ వెలుగుతూ ఉంది. అమ్మిన వారు బ్యాటరీ పాడైందన్నారు. బ్యాటరీ దుకాణం వారు పరీక్షించి నిక్షేపంగా ఉందన్నారు. ఇద్దరి మధ్య మా రొయ్యలు కుక్కల పాలయ్యాయి.

చివరకు ఆటోనగర్‌లో ఒక ఎలక్ట్రీషియన్, కంప్రెసర్ తిరుగుతుండగానే ఫ్రిజ్ సాకెట్ వద్ద మల్టీమీటరు పెట్టి చూస్తే, అక్కడికి చేరుతున్నది 11.2 వోల్టులేనని తేలింది. ట్రెయిలర్ కట్టినవారు ముందున్న బ్యాటరీ పెట్టె నుంచి వెనుక వంటగది వరకు, రానూపోనూ దాదాపు 12 మీటర్లు, ఇళ్లలో లైట్లకు వాడే 1.5 చదరపు మిల్లీమీటర్ల వైరునే లాగారు. 5 ఆంపియర్లు లాగేటప్పుడు అంత పొడవులో 0.7 వోల్టు దాకా దారిలోనే పోతుంది. 6 చదరపు మిల్లీమీటర్ల వైరు వేసి, వదులుగా ఉన్న సిగరెట్ లైటర్ సాకెట్ తీసేశాక ఆ నష్టం 0.2 వోల్టు లోపుకు దిగింది, అకారణంగా ఆగిపోవడమూ మానింది. అయినా నా కోపం పూర్తిగా తీరలేదు. తనకు అందుతున్న వోల్టేజిని కొలవగలిగిన యంత్రం, అర్థం కాని కోడ్‌కు బదులు ఆ అంకెనే తెర మీద చూపి ఉంటే సగం తిరుగుడు తప్పేది.

ఈ ఫ్రిజ్ బ్యాటరీని తిననే తినదని మిత్రులతో అంటుండేవాణ్ణి. లంబసింగి చలిలో ఆ మాట నిజమే. రోహిణి కార్తెలో తలుపులు మూసిన ట్రెయిలర్‌లో మాత్రం కంప్రెసర్‌కు విశ్రాంతి ఉండదు; 45 వాట్ల చొప్పున రోజంతా తిరిగితే వెయ్యి వాట్-అవర్లు దాటుతుంది. మా 100 ఆంపియర్-అవర్ల లెడ్ యాసిడ్ బ్యాటరీ నుంచి, దాని ఆయుష్షు చూసుకుంటూ తీయగలిగేది సగం, అంటే 600 వాట్-అవర్లు మాత్రమే కనుక, పగలు 200 వాట్ల సోలార్ ప్యానెల్‌కు మంచి ఎండ తగలాల్సిందే. ఎండలో ప్యానెల్, నీడలో ట్రెయిలర్ ఉండే చోటు వెతకడం అదొక ప్రహసనం.

మేము ఇద్దరమే, ఒకటి రెండు రాత్రులకు మించి ఉండము కనుక మాకు ఇది చాలు. ఇన్సులిన్ దాచుకోవలసినవారికి, వానాకాలంలో వెళ్లేవారికి ఈ ఏర్పాటునే నమ్ముకోమని చెప్పలేను. లిథియం బ్యాటరీ ఉన్నవారి లెక్క వేరు. దాని వోల్టేజి దాదాపు చివరి వరకు 13 దగ్గరే నిలుస్తుంది కాబట్టి, సన్న వైరు ఉన్నా ఈ కటాఫ్ బెడద వారికి అంతగా తెలియకపోవచ్చు.