పాపకి గొంతు బాగుంది: మిషన్ స్కూల్ క్వయర్ మేలా, సంగీతం టీచర్ మేలా?

జూన్ దగ్గర పడేసరికి ఒంగోలులో, కావలిలో, నెల్లూరులో నాకు తెలిసిన తల్లిదండ్రులు ఒకటే మాట అడుగుతుంటారు. "పాప బాగా పాడుతుందండీ. మిషన్ స్కూల్లో అయితే పాటలు నేర్పుతారంట. అక్కడ చేర్పించమంటారా, ఇంటి దగ్గర సంగీతం టీచర్ని చూసుకోమంటారా?" గ్రేడు పరీక్షల కీబోర్డు క్లాసు సంగతి కూడా ఈమధ్య కొందరు అడుగుతున్నారు. నేను కీబోర్డు చెప్పేవాణ్ణే. అయినా నా ఓటు దానికి కాదు.

మన వైపు క్రైస్తవ బడి అనగానే పాట గుర్తుకు రావడం ఇప్పటి సంగతి కాదు. అమెరికన్ బాప్టిస్టు మిషన్ వాళ్లు నెల్లూరు వచ్చింది 1840లో. ఆ మిషన్‌కే చెందిన క్లౌ దొర ఒంగోలు చేరింది 1866లో. గుడి, బడి, పాట మూడూ కలిసే నడిచాయి. ఇప్పటికీ ఆ బళ్లలో పొద్దున అసెంబ్లీ పాటతోనే మొదలవుతుంది. డిసెంబరు వస్తే క్యారల్స్ హడావిడి సరేసరి. అక్కడ చదివిన పిల్లలకి నలుగురిలో నోరు తెరవడానికి బిడియం ఉండదు. వేరే బడి పిల్లల్ని స్టేజీ ఎక్కించి చూడండి, తేడా మీకే తెలుస్తుంది.

కానీ క్వయర్, అంటే పిల్లలంతా కలిసి పాడే బృందం, ఉన్నంత మాత్రాన సంగీతం నేర్పుతున్నట్టు కాదు. చాలా బళ్లలో జరిగేది నవంబరులో గొంతు బాగున్న ఇరవై మందిని ఏరి, నాలుగు పాటలు బట్టీ పట్టించి, క్రిస్మస్ ప్రోగ్రాం అయ్యాక వదిలేయడం. అందరూ ఒకే వరస, అదీ ఎంత గట్టిగా అరిస్తే అంత గొప్ప. దీనికోసం పిల్లని హాస్టల్లో వేయనక్కర్లేదు.

అసలైన క్వయర్ ఎలా ఉంటుందో ఒక్కసారి దగ్గర నుంచి చూడాలి. టీచర్ కీబోర్డు మీద ఒక్క మెట్టు నొక్కి పట్టుకుంటుంది. ముందు వరుసలో సొప్రానో, అంటే పై స్వరాల్లో అసలు పాట పాడే పిల్లలు, వరస అందుకుంటారు. వెనక వరుసలో ఆల్టో, అంటే వాళ్లకి తోడుగా కింది స్వరాలు పాడే పిల్లలు, ఒక చెవిలో వేలు పెట్టుకుని, పక్కవాళ్ల పాట తమని లాగేయకుండా, నాలుగు చరణాలూ దాదాపు రెండు మూడు స్వరాల మీదే నిలబడతారు. కొత్తగా ఆల్టోలో పడిన పిల్ల "మా పాటకి ట్యూనే లేదు మిస్" అని అలుగుతుంది. ఓ నెల అయ్యాక అదే పిల్ల, పై వరస లేకుండా కింది వరస ఒక్కటే పాడి వినిపిస్తుంది. ఎదుటివాళ్లని వింటూ తన స్వరం వదలకుండా నిలబడడం ఇంటి దగ్గర ఒంటరిగా ఎన్నేళ్లు సాధన చేసినా రాదు. టెనర్, బేస్ (ఇంకా కింది మగ గొంతులు) పాడే పెద్ద పిల్లలు కూడా ఉన్న బడి అయితే మీ అదృష్టం.

ఇక సంగీతం టీచర్ సంగతి. మొదటి రోజే పిల్ల గొంతుకి ఏ శ్రుతి సరిపోతుందో, అంటే 'స' ఏ ఎత్తులో పెట్టుకోవాలో చూస్తారు. క్వయర్‌లో ఇది జరగదు. పాట ఏ శ్రుతిలో ఉంటే అందరూ అందులోనే పాడాలి, అందని పిల్ల గొంతు పిసుక్కోవాలి. మాయామాళవగౌళ రాగంలో సరళీ వరసలు, జంట వరసలు, అలంకారాలు అనే తొలి పాఠాలు మూడు కాలాల్లో (వేగాల్లో) పాడుతూ పోతే గొంతు కుదురుకుంటుంది, తాళం చేతికి వస్తుంది. ప్రభుత్వ సంగీత కళాశాలల పద్ధతిలో నాలుగేళ్లు సర్టిఫికెట్, ఆపైన రెండేళ్లు డిప్లొమా. నిదానం ఎక్కువ, నిజమే. ఎనిమిదేళ్ల పిల్లకి ఆరు నెలల పాటు స-రి-గ-మ అంటే విసుగే. ఇక్కడ చాలామంది మానిపించేస్తారు. త్యాగరాజు పూర్వీకుల ఊరు మన కంభం దగ్గర కాకర్లే అని చెప్పుకోవడం మాత్రం మానరు!

క్రైస్తవ కుటుంబాలకి ఇంకో చిక్కు వస్తుంది. వరసలు, అలంకారాల దాకా దేవుడి పేరే ఉండదు. ఆ తర్వాత మలహరి రాగంలో పిళ్లారి గీతాలనే చిన్న పాటలు. అందులో మొదటిది గణపతి మీదే. అక్కడ కొందరు ఆగిపోతారు. ఆగనక్కర్లేదని నా ఉద్దేశం. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిచి చూడండి, కీర్తన నెత్తిన రాగం, తాళం అచ్చువేసి ఉంటాయి. పురుషోత్తమ చౌదరి లాంటివాళ్లు పంతొమ్మిదో శతాబ్దంలోనే ఈ బాణీలో కీర్తనలు కట్టారు. మోహన, ఆనందభైరవి లాంటి రాగాల స్వరాలు వచ్చిన పిల్లకి ఆ పుస్తకమే పాఠం అవుతుంది. ఇలా నేర్పమని అడిగితే ఒప్పుకునే టీచర్లు ఉన్నారు.

ఇక్కడే క్వయర్ మీద నా ఫిర్యాదు ఒకటి. ఆ రాగాల కీర్తనల కింద కీబోర్డు కార్డులు (ఒకేసారి కలిపి నొక్కే స్వరాలు) వేసి, నాలుగు గొంతులుగా చీల్చి పాడిస్తుంటారు. గమకం, అంటే స్వరాన్ని ఊపుతూ పలికే తీరు, అంతా చదునైపోతుంది, ఆనందభైరవి ఆనవాలు కూడా మిగలదు. ఇంగ్లీషు బాణీ పాటలకి ఇలా వేర్వేరు స్వరాలు కలిసి పలికే హార్మనీ అందం. రాగం కీర్తనని ఒంటి గొంతుతో, మహా అయితే తబలాతో వదిలేయడం మంచిది.

హిందువుల పిల్లలైతే తల్లిదండ్రుల టెన్షన్ వేరు: ప్రార్థనలు చేయిస్తారేమో అని. రాజ్యాంగం 28(3) అధికరణం ప్రకారం ప్రభుత్వ గుర్తింపు గానీ సాయం గానీ ఉన్న విద్యాసంస్థలో మత బోధనకి, ఆరాధనకి రమ్మని ఎవరినీ బలవంతపెట్టకూడదు, మైనర్లయితే సంరక్షకుల సమ్మతి ఉండాలి. చేర్పించేటప్పుడే మర్యాదగా మాట్లాడుకుంటే సరిపోతుంది. కాకపోతే క్వయర్‌లో పాడేవి చాలావరకు యేసు పాటలే. అది ఇష్టం లేకపోతే క్వయర్ కోసం ఆ బడికి పంపడంలో అర్థం లేదు.

ఇక కీబోర్డు క్లాసు గ్రేడు పరీక్షల సంగతి. ఇవి పెట్టే ట్రినిటీ, ఏబీఆర్‌ఎస్‌ఎం సంస్థలు రెండూ లండన్‌వి, పరీక్షలు ఎనిమిదో గ్రేడు దాకా ఉంటాయి, గాత్రానికి విడిగా గ్రేడ్లున్నాయి. పాశ్చాత్య సంగీతంలో ముందుకు పోవాలనుకునే పిల్లకి పనికొస్తాయి. సర్టిఫికెట్ గోడకి తగిలించుకోవడానికైతే ఫీజు దండగ.

మరి ఏది మేలు? పదేళ్ల లోపు పిల్లకి, అందులోనూ బిడియస్తురాలికి, క్వయరే. పదేళ్లు దాటి, తనంతట తానే గంటసేపు కూర్చుని పాడుకునే పిల్ల అయితే టీచర్. రెండూ కుదిరితే రెండూ పెట్టండి, ఒకదానికొకటి అడ్డం కాదు. కనిగిరి, పొదిలి, ఉదయగిరి వైపు పల్లెల్లో ఉండి, దగ్గర్లో టీచర్ దొరకనివాళ్లకి హాస్టల్ ఉన్న మిషన్ స్కూలే దారి. అయితే చేర్పించే ముందు ఆఫీసులో కాదు, అక్కడి పిల్లల్ని అడగండి: ఆగస్టులో కూడా పాట ప్రాక్టీసు ఉంటుందా? ఆల్టో ఎవరు పాడతారు? తొమ్మిది, పది తరగతుల వాళ్లని క్వయర్‌లో ఉండనిస్తారా, స్టడీ అవర్ అని తీసేస్తారా?

మగపిల్లల విషయంలో ఒక్క జాగ్రత్త. సుమారు పన్నెండు, పదిహేనేళ్ల మధ్య గొంతు మారుతుంది. అప్పుడు పై స్వరాలు అందుకోమని ఒత్తిడి పెట్టే బడి అయినా, టీచర్ అయినా, కొన్నాళ్లు మానిపించండి. మెల్లగా, అందే శ్రుతిలో పాడనిస్తే చాలు. ఇంట్లో నాయనమ్మ "ఏందిరా అబ్బయ్యా, గొంతు పోయిందే" అని దిగులుపడుతుంది గానీ, పోయిందేమీ లేదు.