సీటీ యాంజియోనా, చేతి యాంజియోనా?

ఈ నెలలో ఇది అయిదో ఫోను. "అమ్మాయ్, డాక్టరుగారు యాంజియోగ్రామ్ చేయించుకోమన్నారు. స్కానింగ్ సెంటర్లో సీటీలో కూడా తీస్తారంట కదా, కోత లేకుండా. ఏది మంచిదంటావ్?" పాలకొల్లు నుంచి, ఆచంట నుంచి, గోదావరి అవతల రాజోలు నుంచి చేసేవాళ్లంతా ఇంచుమించు ఇదే అడుగుతున్నారు. పదిహేనేళ్లుగా క్యాథ్ ల్యాబ్‌లో, అంటే యాంజియోలు చేసి స్టెంట్లు వేసే గదిలో, స్టాఫ్ నర్సుగా చేస్తున్నాను కాబట్టి మా చుట్టాలకీ ఊళ్లోవాళ్లకీ అందుబాటులో ఉన్న మనిషిని నేనే. నేను డాక్టర్ని కాను, ఎవరికి ఏ పరీక్ష అన్నది చివరికి డాక్టర్లే చెప్పాలి. కానీ రెండు గదుల్లో జరిగేదీ దగ్గర నుంచి చూశాను, మా ఇంట్లో ఇద్దరిని ఈ పరీక్షలకి దగ్గరుండి తీసుకెళ్లాను. ఫోన్లో ముక్కలు ముక్కలుగా చెప్పేదాన్ని ఒక్కసారి కుదురుగా రాస్తున్నాను.

కోత మాట ముందు తేల్చేద్దాం. యాంజియోగ్రామ్ అంటే గుండెకి రక్తం తీసుకెళ్లే నాళాల్లో బ్లాకులున్నాయేమో చూసే పరీక్ష. సీటీ కాకుండా నాళంలోకి గొట్టం పంపి చేసేదాన్ని ఇప్పుడు చాలావరకు మణికట్టు దగ్గర నుంచే చేస్తున్నారు, అందుకే నేను చేతి యాంజియో అంటున్నాను. మత్తు సూది వేసి, రెండు మిల్లీమీటర్ల లావుండే ప్లాస్టిక్ గొట్టం పెట్టి, అందులోంచి సన్నటి వైరు, దాని వెంట క్యాథెటర్ అనే పొడవాటి సన్న గొట్టం పంపిస్తారు. కుట్లుండవు. అయ్యాక మణికట్టుకి గాలి నింపిన బ్యాండు బిగించి, కొన్ని గంటల్లో కొంచెం కొంచెంగా గాలి తీసేస్తాం. తొడ దగ్గర నుంచి చేస్తే మాత్రం కాలు కదపకుండా గంటల తరబడి పడుకోవాలి. సీటీలోనూ మోచేతి దగ్గర సూది తప్పదు. రెంటిలోనూ నాళాలు బొమ్మలో కనపడేలా అయోడిన్ ఉన్న డై (రంగు మందు) ఎక్కిస్తారు, రెంటిలోనూ ఎక్స్‌రేలే. కాబట్టి కోత భయంతో ఎంచుకోవాల్సినంత తేడా అక్కడ లేదు.

ఏది మేలో తేల్చేది నెప్పి స్వభావం. అందుకే ఫోన్లో నేను ముందు అడిగేవి మూడు. నెప్పి రొమ్ము మధ్యలో బరువు పెట్టినట్టో, బిగేసినట్టో వస్తోందా? నడిచినప్పుడో, బరువు ఎత్తినప్పుడో, బాగా టెన్షన్ పడ్డప్పుడో వస్తోందా? ఆగి కూర్చుంటే అయిదు పది నిమిషాల్లో తగ్గుతోందా? మూడింటికీ అవునంటే గుండె నెప్పి అయ్యే అవకాశం బాగా ఎక్కువ. రెంటికి అవునంటే సందేహం. ఒక్కదానికే అవునన్నా, దేనికీ కాకపోయినా ఇంకేదో కావచ్చు. ఆడవాళ్లలో, షుగర్ ఉన్నవాళ్లలో ఈ లెక్క కొంత తప్పుతుంది. వాళ్లకి నెప్పి లేకుండా ఒట్టి ఆయాసమే రావచ్చు, దాన్ని కూడా నెప్పి కిందే లెక్కేయాలి.

మన డెల్టాలో చిక్కేమిటంటే నేలంతా బల్లపరుపు. కొండ ఊళ్లలో అయితే ఎత్తెక్కేటప్పుడు నెప్పి దానంతటదే బయటపడుతుంది. ఇక్కడ పొలానికి బండి, రొయ్యల చెరువుకి బండి, పక్క వీధికీ బండే. రోజు మొత్తం మీద ఎక్కే ఎత్తు కాలువ గట్టొక్కటే. అందుకని నెప్పి ఎప్పుడొస్తోందని అడిగితే "ఎప్పుడో వస్తుందమ్మా, గ్యాసేమో" అంటారు. అన్నం తిన్నాక నడిస్తే గుండె నెప్పి తొందరగా వస్తుంది. తిన్నాకే వచ్చింది కదా అని దాన్ని గ్యాస్ ఖాతాలో వేసేసుకుంటాం. 2003-04లో తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాల్లోని 45 ఊళ్లలో చనిపోయిన 1,354 మంది మరణ కారణాలు లెక్క తీశారు. అందులో 32 శాతం గుండె, రక్తనాళాల జబ్బులే. పట్నం జబ్బనుకున్నది ఇరవయ్యేళ్ల కిందటే మన పల్లెల్లో మొదటి స్థానంలో ఉంది. అందుకే గ్యాస్ అన్న మాట వింటే నాకు భయం.

మా బాబాయికి నలభై ఆరు. చెరువుల మీద రాత్రుళ్లు ఏరియేటర్లకి కాపలా ఉంటాడు. ఎడమ పక్క పొడిచినట్టు నెప్పి, అదీ పడుకున్నప్పుడు. పనిలో ఉండగా ఎప్పుడూ రాలేదు. ఈసీజీ బాగుంది, టీఎంటీ (ట్రెడ్‌మిల్ మీద నడిపించి ఈసీజీ తీసే పరీక్ష) అటూ ఇటూ కాకుండా వచ్చింది. డాక్టరుగారు సీటీ రాశారు, నాకూ అదే సబబనిపించింది.

వెళ్లేసరికి పల్స్ 84. సీటీకి నాడి నెమ్మదిగా, అరవై దగ్గర ఉండాలి, లేకపోతే కదిలే గుండె బొమ్మ చెదిరిపోతుంది. మెటోప్రొలాల్ మాత్ర ఇచ్చి గంటకి పైగా కూర్చోబెట్టారు. 62కి దిగాక నాళాలు విచ్చుకోవడానికి నాలిక కింద నైట్రోగ్లిజరిన్ కొట్టారు. ఊపిరి బిగబట్టడం రెండుసార్లు ప్రాక్టీసు చేయించారు. డై ఎక్కగానే గొంతులోంచి వేడి దిగి పొత్తికడుపు దాకా పాకింది, మంచం మీదే ఒంటికి పోసేశానేమోనని కంగారుపడ్డాడు పాపం. అందరికీ అలాగే ఉంటుంది, నిజంగా పోదు. పది సెకన్లు ఊపిరి బిగబట్టాడు, పరీక్ష అయిపోయింది. సాయంత్రానికి ఇంటికొచ్చేశాం.

రిపోర్టులో ఎక్కడా బ్లాకు లేదు. గుండె ముందుభాగానికి వెళ్లే నాళంలో ఒకచోట గోడకి పల్చగా కొవ్వు పట్టింది, పావు వంతు కూడా మూయలేదు. ఆ రోజే కొలెస్ట్రాల్ మాత్ర మొదలుపెట్టారు. బాబాయి సిగరెట్టూ మానేశాడు.

సీటీ గొప్పతనమంతా అక్కడే ఉంది. మే నెలలో కాలువలు కట్టేసినప్పుడు చూడండి, నిండుగా పారినన్నాళ్లూ కంటికి ఆనని పూడిక అడుగున మొత్తం తేలుతుంది. చేతి యాంజియో పారే నీటి బొమ్మే తీస్తుంది. నాళంలో డై ఎంత లావున పోతోందో చూపిస్తుంది. గోడలో కొవ్వు పేరుకుంటున్నా, నాళం బయటి వైపుకి సాగి దారి తెరిచి ఉంచితే ఆ ఫిలింలో బాగానే కనిపిస్తుంది. సీటీ గట్టునీ పూడికనీ కూడా చూపిస్తుంది. స్కాట్లాండ్‌లో 4,146 మంది ఛాతీనెప్పి రోగుల మీద చేసిన అధ్యయనం ఫలితాలు 2018లో వచ్చాయి. మామూలు వైద్యానికి సీటీ కూడా తోడైన వాళ్లలో అయిదేళ్లలో గుండెపోటు వచ్చినవాళ్లూ, గుండె జబ్బుతో పోయినవాళ్లూ కలిపి 2.3 శాతం, సీటీ లేనివాళ్లలో 3.9 శాతం. పూడిక ముందే కనపడటంతో మందులు ముందే మొదలయ్యాయి. సందేహం నెప్పికి నేను సీటీ వైపు మొగ్గేది ఇందుకే.

ఇక మా పెదమావయ్య సంగతి. అరవై ఏడేళ్లు, ఇరవయ్యేళ్ల షుగరు. కాలువ గట్టెక్కి వంతెన దాకా నడిచేసరికి రొమ్ము మీద బండ పెట్టినట్టుండేది, పిట్టగోడ మీద కూర్చుంటే తగ్గేది. నా మూడు ప్రశ్నలకీ అవుననే. డాక్టరుగారు నేరుగా చేతి యాంజియో చెప్పారు. మా బావ మాత్రం కోత లేదు కదా అని నాతో కూడా అనకుండా ఒక స్కానింగ్ సెంటర్‌కి తీసుకెళ్లాడు. వయసెంత, షుగరెన్నాళ్లు, నెప్పెలా వస్తోంది అని అక్కడ ఎవరూ అడగలేదు. రిపోర్టులో నాళాల నిండా కాల్షియం. చాలాచోట్ల ఇరుకు ఎంతో చెప్పలేమనీ, యాంజియోగ్రామ్ చేయించుకోమనీ రాసిచ్చారు. పొగమంచులో ఎదురొచ్చే లారీ లైటు ఉన్నదానికంటే ఎంత పెద్దగా కనిపిస్తుందో, సీటీలో కాల్షియం అంతలా ఉబ్బి కనిపిస్తుంది. దాని పక్కన దారి ఎంత మిగిలిందో తెలియదు. వారం తిరక్కుండా మళ్లీ డై, మళ్లీ ఎక్స్‌రేలు. ఆ డై భారానికి, కిడ్నీలెలా పనిచేస్తున్నాయో చెప్పే క్రియాటినిన్ 1.3 ఉన్నది 1.6కి వెళ్లింది. తర్వాత దిగిందిగానీ ఆ నాలుగు రోజులు ఇంట్లో ఎవరికీ నిద్రలేదు.

చేతి యాంజియోలో ఆయనకి మూడు నాళాల్లోనూ బ్లాకులు తేలాయి. ఇలాంటి చోట దానికి సాటిలేదు. ఎంత ఇరుకో కచ్చితంగా తెలుస్తుంది. యాభై, డెబ్బై శాతం మధ్యలో ఉండి సందేహమైతే ప్రెషర్ వైరు వేసి, బ్లాకుకి ముందున్న ఒత్తిడిలో బ్లాకు దాటాక ఎంత వంతు మిగిలిందో కొలుస్తారు, 0.80 లేదా అంతకంటే తక్కువొస్తే ఆ బ్లాకు నిజంగా రక్తాన్ని అడ్డుకుంటోందని లెక్క. అవసరమైతే అక్కడికక్కడే బెలూన్, స్టెంటు. సీటీ ఇవేమీ చేయలేదు.

ఆ "అక్కడికక్కడే" దగ్గరే ఒక మాట గట్టిగా చెప్పాలి. నేను ఇంతకుముందు పనిచేసిన ఒకచోట, పేషెంటు టేబుల్ మీద ఉండగానే ఇంటివాళ్లని లోపలికి పిలిచి, స్క్రీన్ మీద బ్లాకు చూపించి, స్టెంటు వేయమంటారా వద్దా, పది నిమిషాల్లో చెప్పండి అనేవాళ్లు. చీర కొంగు నోటికడ్డం పెట్టుకుని ఆ స్క్రీన్ వంక చూసే ఆడవాళ్ల మొహాలు నాకింకా గుర్తే. గుండెపోటు వస్తున్న మనిషికైతే ఆ తొందర ప్రాణం నిలబెడుతుంది. నడిస్తే వచ్చి, ఆగితే తగ్గి, నెలల తరబడి ఒకేలా ఉన్న నెప్పికి ఆ తొందర అక్కర్లేదు. 2020లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనంలో ఇలా నిలకడగా ఉన్న 5,179 మందిని చూశారు. ముందే స్టెంటో బైపాసో చేసినా, మంచి మందులతో మొదలుపెట్టినా, సుమారు మూడేళ్లలో మరణాల్లో, గుండెపోట్లలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. నెప్పి తగ్గడంలో మాత్రం స్టెంటు, బైపాసులదే పైచేయి. ఎడమ వైపు ప్రధాన నాళం మూసుకున్నవాళ్లని, గుండె పంపింగ్ బాగా పడిపోయినవాళ్లని అందులో చేర్చుకోలేదు, వాళ్లది వేరే లెక్క. అందుకని లోపలికి వెళ్లకముందే అడగండి: "బ్లాకుంటే ఈ రోజే వేస్తారా, బయటికొచ్చాక మాట్లాడుకుందామా?" పెదమావయ్యకి చేసిన డాక్టరుగారు స్టెంటు మాటే ఎత్తలేదు. షుగరుండి ఎక్కువ నాళాల్లో బ్లాకులుంటే బైపాసే మేలని 2012లోనే తేలింది, ఆలోచించుకుని రండని పంపేశారు. ఇప్పుడు ఆపరేషనై ఎనిమిది నెలలు.

రిస్కు సంగతి కూడా అడుగుతారు. యూరప్‌లో 3,561 మందితో చేసిన అధ్యయనం 2022లో వచ్చింది. అందరివీ గుండె నెప్పో కాదో తేలని మధ్యరకం నెప్పులే. పరీక్ష వల్ల, దాని వెంట చేసిన చికిత్స వల్ల వచ్చిన పెద్ద ఇబ్బందులు సీటీతో మొదలుపెట్టిన వాళ్లలో 0.5 శాతం, నేరుగా యాంజియోకి వెళ్లిన వాళ్లలో 1.9 శాతం. రెండూ తక్కువే, కానీ సందేహం నెప్పికి ఆ తేడా కూడా ఎందుకు నెత్తిన వేసుకోవాలి?

మూడు ప్రశ్నలకీ అవునైతే నేరుగా చేతి యాంజియో. సందేహమైతే, వయసు మరీ మీద పడకపోతే, నాడి సక్రమంగా కొట్టుకుంటుంటే సీటీ. పాత స్టెంటు సన్నటిదైతే దాని లోపల సీటీకి సరిగ్గా కనపడదు. పాత బైపాసు నాళాలు మాత్రం బాగానే కనిపిస్తాయి. కూర్చున్నా తగ్గని నెప్పి, చెమటలు, వాంతి ఉంటే ఏ సెంటరుకీ వద్దు, 108కి ఫోన్ చేసి ఈసీజీ ఉన్న దగ్గరి ఆస్పత్రికి పరుగెత్తండి. అంతర్వేది, ఓడలరేవు వైపు నుంచి రెండు గంటల్లో క్యాథ్ ల్యాబ్‌కి చేరలేమనిపిస్తే గడ్డ కరిగించే ఇంజెక్షన్ అక్కడే వేసి పంపుతారు.

మిగతా పరీక్షల గురించి రెండు ముక్కలు. ఎకో గుండె పంపింగ్ చెబుతుంది, బ్లాకులు చూపించదు. టీఎంటీ చవక, కానీ మోకాళ్ల నెప్పులవాళ్లు సరిపడా పరిగెత్తలేరు, నార్మల్ వచ్చినంత మాత్రాన బ్లాకు లేదని కాదు. కాల్షియం స్కోరుకి డై అక్కర్లేదు, నెప్పి లేనివాళ్లలో ముందుముందు రిస్కు అంచనాకి పనికొస్తుంది. నడిస్తే పిక్కలు పట్టేస్తుంటే అది కాలి నాళాల సంగతి, దానికి ముందు నాళాల్లో రక్తం పారే తీరు చూసే డాప్లర్ స్కాన్.

ఏ గదిలోకి వెళ్లినా ముందు క్రియాటినిన్ చూపించుకోండి. షుగరుకి మెట్‌ఫార్మిన్ వాడుతుంటే చెప్పండి, కిడ్నీలని బట్టి ఆపమంటారు. ఇదివరకు డైతో దద్దుర్లొస్తే చెప్పండి. ఉబ్బసం ఉంటే సీటీ వాళ్లకి ముందే చెప్పాలి, నాడి తగ్గించే మాత్ర దాన్ని రేపొచ్చు. మగవాళ్లు సిగ్గుతో దాచేది ఇంకొకటుంది. ఒకటి రెండు రోజుల్లో వయాగ్రాలాంటి మాత్ర వేసుకుని ఉంటే నాలిక కింద నైట్రోగ్లిజరిన్ పడకూడదు, బీపీ ప్రమాదకరంగా పడిపోతుంది. భార్య ముందు చెప్పలేకపోతే నర్సుని పక్కకి పిలిచి చెప్పండి, మేము ఎవరికీ చెప్పం.

వచ్చేటప్పుడు రిపోర్టు కాగితంతో సరిపెట్టుకోకుండా బొమ్మలున్న సీడీ కూడా అడిగి తెచ్చుకోండి. ఇంకో డాక్టరు చూస్తామన్నప్పుడు అది ఉంటే మళ్లీ డై ఎక్కించే పని తప్పొచ్చు. బాబాయిది మా ఇంట్లో బీరువాలో, పొలం పాస్‌బుక్కుల పక్కన పెట్టించాను.