సయాన్ 5ఎంఎక్స్ కొంటున్నారా? మూత తెరిచి మూసే వీడియో చూడకుండా డబ్బు కట్టకండి

పాత సయాన్ చేతి కంప్యూటర్ కోసం ఆన్‌లైన్‌లో వెతుకుతున్నవాళ్ళు ఎవరైనా ఉంటే, డబ్బు పంపే ముందు ఇది ఒక్కసారి చదవండి. నేను మోసపోయాను. పోయిన డబ్బు సంగతి అలా ఉంచండి, మూడు రోజులు కూర్చుని రాసుకున్న రాత మొత్తం పోయింది. ఆ బాధ ఇంకా తగ్గలేదు. అమ్మినవాళ్ళ పేరు ఇక్కడ రాయను. ఎలా మోసం చేశారో మాత్రం వివరంగా చెప్తాను, ఎందుకంటే అదే పద్ధతిలో ఇంకెవరైనా అమ్మొచ్చు.

నేను సిరీస్ 5ఎంఎక్స్ వాడటం మొదలుపెట్టి తొమ్మిదేళ్ళు. అలమరాలో దాచుకునే వస్తువు కాదు నాకు, రోజూ వాడే వస్తువు. పొద్దున లేవగానే మూత తెరిస్తే నిన్న ఎక్కడ ఆపానో కర్సర్ అక్కడే కొట్టుకుంటూ ఉంటుంది. ఆన్ అయ్యేదాకా ఎదురు చూడటం ఉండదు. రాత్రి రాసుకునే డైరీ, ఆ రోజు చేయాల్సిన పనులు, ఖర్చుల లెక్క అన్నీ అందులోనే. రెండు పెన్సిల్ సెల్స్ వేస్తే చాలా రోజులు నడుస్తుంది. ఇంటర్నెట్ లేదు, నోటిఫికేషన్లు లేవు. రాయడానికి కూర్చుంటే రాయడం ఒక్కటే జరుగుతుంది.

తెలియనివాళ్ళ కోసం కొంచెం చెప్తాను. సయాన్ బ్రిటిష్ కంపెనీ. సిరీస్ 5ను 1997లో, దాన్ని మెరుగుపరిచి 5ఎంఎక్స్‌ను 1999లో తెచ్చింది. 5ఎంఎక్స్‌లో 36 మెగాహెర్ట్జ్ ఏఆర్ఎం ప్రాసెసర్, 16 ఎంబీ మెమొరీ, 640x240 చుక్కల నలుపు తెలుపు టచ్ స్క్రీన్ ఉంటాయి. లోపల నడిచేది ఈపాక్ అనే ఆపరేటింగ్ సిస్టమ్. తర్వాత కొన్నేళ్ళు కోట్ల ఫోన్లలో నడిచిన సింబియన్ దాని నుంచే వచ్చింది. 2001లో కంపెనీ ఈ చేతి కంప్యూటర్ల వ్యాపారం మానుకుంది. అంటే ఇప్పుడు మీకు దొరికే ప్రతి పీసూ ఇరవై ఏళ్ళు దాటినదే. కొత్తది అన్న మాటే లేదు, ఎవరో వాడి వదిలేసినదే మన చేతికి వస్తుంది.

దీని అందమంతా కీబోర్డులో ఉంది. మూత ఎత్తుతుంటే కీబోర్డు ముందుకు జారి వస్తుంది, స్క్రీన్ వెనక్కి వాలి కుదురుకుంటుంది. జేబులో పట్టే వస్తువు బల్ల మీద చిన్న ల్యాప్‌టాప్ అయిపోతుంది, పది వేళ్ళతో టైప్ చేసుకోవచ్చు. మార్టిన్ రిడిఫర్డ్ అనే డిజైనర్ చేసిన పని ఇది. 2018లో వచ్చిన జెమిని అనే చేతి కంప్యూటర్ కీబోర్డు వెనకా ఆయనే ఉన్నారు. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఆ కీబోర్డు కోసం వెతికే వాళ్ళున్నారంటే దాని గొప్పతనం అర్థం చేసుకోండి.

కానీ దీని జబ్బు కూడా అక్కడే ఉంది. కింది భాగం నుంచి స్క్రీన్‌కు పలచటి రిబ్బన్ కేబుల్ ఒకటి మూత కీలు (హింజ్) మధ్యలోంచి వెళ్తుంది. మూత తెరిచిన ప్రతిసారీ, మూసిన ప్రతిసారీ అది ఒకే చోట వంగుతుంది. అందులోని రాగి గీతలు వెంట్రుకలంత సన్నం. రోజుకు పదిసార్లు వాడినా ఏడాదికి 3,650 సార్లు తెరిచి మూసినట్టు. ఏళ్ళ తరబడి వంగీ వంగీ ఆ గీతలు చిట్లుతాయి. మొదట స్క్రీన్ మీద ఒకటో రెండో గీతలు కనిపిస్తాయి. తర్వాత ఒక కోణంలో బొమ్మ ఉంటుంది, ఇంకో కోణంలో పోతుంది. చివరికి మొత్తం ఖాళీ అవుతుంది. ఈ మోడల్ వాడేవాళ్ళందరికీ తెలిసిన జబ్బే ఇది.

నా పాతదానికీ ఆఖరికి అదే వచ్చింది. బాగు చేయించేలోగా ఒక్క రోజు కూడా అది లేకుండా ఉండలేక ఇంకొకటి వెతికాను. అప్పుడే ఆ ప్రకటన కనిపించింది. "పూర్తిగా పరీక్షించాం, పక్కాగా పనిచేస్తోంది, ఒకే యజమాని వాడింది" అని రాశారు. నాలుగు ఫొటోలు పెట్టారు. మూసి ఉన్నది ఒకటి, అడుగు భాగం ఒకటి, స్క్రీన్ వెలుగుతూ ఉన్నవి రెండు. స్క్రీన్ శుభ్రంగా, ఒక్క గీత లేకుండా ఉంది. "కేబుల్ ఎలా ఉంది?" అని అడిగాను. "ఫొటోలో చూస్తున్నారు కదండీ, స్క్రీన్ బ్రహ్మాండంగా ఉంది" అన్నారు. నేను అడిగింది కేబుల్ గురించి, వాళ్ళు చెప్పింది స్క్రీన్ గురించి. ఆ తేడా నాకు అప్పుడే తట్టి ఉండాల్సింది.

పార్సిల్ వచ్చిన రోజు అంతా బాగానే ఉంది. ప్యాకింగ్ కూడా జాగ్రత్తగా చేశారు. సెల్స్ వేశాను, ఆన్ అయింది, సంతోషంగా ఆ రాత్రే రాయడం మొదలుపెట్టాను. రెండో రోజు మూత ఎత్తుతుంటే ఏదో కొంచెం బిగువుగా అనిపించింది. ఎవరి చేతిలోనో ఉండి వచ్చింది కదా, అలవాటు పడాలి అనుకున్నాను. మూడో రోజు సాయంత్రం మూత తెరిస్తే స్క్రీన్ కింది సగంలో అడ్డంగా నల్ల గీత. మూత కొంచెం ముందుకు వంచితే పోయింది. వెనక్కి వాలిస్తే మళ్ళీ వచ్చింది, ఈసారి ఐదారు గీతలు.

వెనక కీలు మీద ఉండే పొడవాటి ప్లాస్టిక్ పట్టీ ఒక అంచున కొద్దిగా పైకి లేచి ఉంది. గోటితో మెల్లగా కదిపి చూశాను. దాని కింద కేబుల్ మీద అగ్గిపుల్ల వెడల్పున కత్తిరించిన నల్లటి స్పాంజ్ ముక్క. దాని పైన టేపు. స్పాంజ్ అంచులు పదునుగా, కత్తెరతో ఇప్పుడే కత్తిరించినట్టు ఉన్నాయి. టేపు మీద దుమ్ము కూడా లేదు. చిట్లిన చోట కేబుల్‌ను నొక్కి పట్టి ఉంచితే తెగిన రాగి గీతల కొసలు తాత్కాలికంగా ఒకదానికొకటి తగులుతాయి, బొమ్మ వస్తుంది. ఫొటోలు తీసుకోవడానికి, కొన్నవాళ్ళ చేతికి చేరడానికి అది చాలు. పదీ పదిహేనుసార్లు మూత తెరిచి మూసేసరికి స్పాంజ్ అణిగిపోతుంది, అసలు రంగు బయటపడుతుంది. తెలియక అమ్మిన వాళ్ళు స్పాంజ్ పెట్టరు. నన్ను ఎక్కువగా బాధపెట్టింది ఇదే.

అంతటితో అయిపోలేదు. గీతలు వస్తున్నా సగం స్క్రీన్ కనిపిస్తోంది కదా, రాసుకున్నది మెమొరీ కార్డులోకి మార్చేద్దాం అనుకున్నాను. సెల్స్ బలహీనంగా ఉన్నాయని హెచ్చరిక వస్తే, పాతవి తీసి కొత్తవి వేశాను. అర నిమిషం కూడా పట్టలేదు. ఆన్ చేస్తే యంత్రం కొత్తదానిలా ఖాళీగా తెరుచుకుంది. తేదీ ఎప్పటిదో. నా ఫైళ్ళు ఒక్కటీ లేవు.

దీని కారణం కొనేవాళ్ళు తప్పకుండా తెలుసుకోవాలి. ఈ యంత్రంలో మామూలుగా మనం దాచుకునేదంతా సి డ్రైవ్‌లోకి వెళ్తుంది. సి డ్రైవ్ అంటే హార్డ్ డిస్క్ కాదు, ర్యామ్. కరెంటు ఆగితే అందులోది గాల్లో కలిసిపోతుంది. అందుకే పెద్ద సెల్స్ మార్చే కాసేపు కాపాడటానికి లోపల ఒక సీఆర్2032 బటన్ సెల్ ఉంటుంది. నేను దాన్ని బయటికి తీసి చూస్తే సెల్ కొత్తదే. కానీ అది తగిలే రేకు మీద పచ్చటి చిలుము గీకేసిన గుర్తులు. ఎప్పుడో పాత సెల్ కారిపోయి రేకును తినేసింది. వాళ్ళు పైపైన గీకి కొత్త సెల్ పెట్టారు. ఒకసారి తగులుతుంది, ఒకసారి తగలదు. మొదటి రోజు నేను చూసినప్పుడు బ్యాకప్ సెల్ బాగుందనే చూపించింది, అందుకే నమ్మాను.

మా అమ్మమ్మ చెప్పిన పాత సంగతులు రాసుకుంటున్నాను ఆ మూడు రోజులూ. మళ్ళీ రాస్తున్నాను, కానీ మొదటిసారి వచ్చిన మాటలు మళ్ళీ రావు.

అమ్మినవాళ్ళకు ఫొటోలతో సహా రాశాను. మొదటి జవాబు: "పాత వస్తువు కదా, ఇలాంటివి మామూలే." స్పాంజ్ ముక్క ఫొటో పంపాక రెండో జవాబు: "మీరే విప్పి పాడు చేశారు." ఆ తర్వాత జవాబే లేదు. కొన్న సైటుకు ఫిర్యాదు చేస్తే, పార్సిల్ విప్పుతున్నప్పుడు తీసిన వీడియో ఉందా అని సైటువాళ్ళు అడిగారు. నా దగ్గర లేదు. కేసు అక్కడే ఆగిపోయింది. కాబట్టి పాత వస్తువు ఏది కొన్నా డబ్బా మీద టేపు కోసే దగ్గర నుంచి ఆన్ చేసి, పదిసార్లు మూత తెరిచి మూసేదాకా ఆపకుండా వీడియో తీయండి. ఫోన్‌ను దేనికైనా ఆనించి పెడితే చాలు, ఇంకో మనిషి అక్కర్లేదు.

కొనే ముందు అడగాల్సింది కూడా వీడియోనే, ఫొటో కాదు. ఈ యంత్రం జబ్బు కదిలినప్పుడే బయటపడుతుంది, ఫొటోలో అది కదలదు. స్క్రీన్ ఆన్‌లో ఉండగా మూత పూర్తిగా మూసిన దగ్గర నుంచి పూర్తిగా తెరిచే దాకా మెల్లగా తెరవమనండి. మధ్యలో సగం కోణంలో రెండు క్షణాలు ఆపమనండి. అలా కనీసం ఐదుసార్లు, కట్ లేకుండా. పక్కన ఒక కాగితం మీద ఆ రోజు తేదీ రాసి పెట్టమంటే పాత వీడియో పంపే వీలుండదు. నిజాయితీగా అమ్మేవాళ్ళకు ఇది రెండు నిమిషాల పని. సాకులు చెప్తే వదిలేయండి.

అదే వీడియోలో సెల్స్ పరీక్ష కూడా చేయించండి. ఏదైనా ఒక మాట టైప్ చేసి సేవ్ చేయాలి, ఆఫ్ చేసి రెండు పెద్ద సెల్స్ తీయాలి, అర నిమిషం ఆగి మళ్ళీ వేయాలి. ఆ మాట అలాగే ఉంటే బ్యాకప్ సెల్ పనిచేస్తోందని అర్థం. అయినా నాలా మోసపోవచ్చు కాబట్టి సెల్స్ తగిలే రేకుల దగ్గరి ఫొటో అడగండి. పచ్చగా, తెల్లగా పొడి కనిపించినా, గరుకు కాగితంతో రుద్దిన గీతలు కనిపించినా అనుమానించాల్సిందే.

కీబోర్డు మీద వరసగా ప్రతి అక్షరం కొట్టి చూపించమనండి, కొన్నింట్లో ఒక వరస మొత్తం పనిచేయదు. స్టైలస్‌తో, అంటే టచ్ స్క్రీన్ మీద వాడే పుల్లతో, స్క్రీన్ ఈ మూల నుంచి ఆ మూలకు గీత గీయమనండి. గీత మధ్యలో తెగితే టచ్ పొర పాడైనట్టే.

ప్రకటనల్లో సిరీస్ 5నూ 5ఎంఎక్స్‌నూ కలిపేసి రాసేవాళ్ళు చాలామంది ఉన్నారు, కొందరు తెలియక, కొందరు తెలిసే. చూడటానికి రెండూ దాదాపు ఒకటే. మెమొరీ వివరాలు చూపే స్క్రీన్ ఫొటో అడిగితే తేలిపోతుంది. 16 ఎంబీ ఉంటే 5ఎంఎక్స్. 4 గానీ 8 గానీ ఉంటే పాత సిరీస్ 5, దాని వేగం కూడా సగమే. సిరీస్ 5 చెడ్డదని కాదు, కానీ 5ఎంఎక్స్ ధర పెట్టి కొనకూడదు.

పైన ఉండే రబ్బరు పూత బంకలా అంటుకుంటోందనో, పొట్టులా రాలుతోందనో మాత్రం భయపడకండి. వయసు మీద పడ్డ వీటిలో చాలావాటికి అంతే, ఐసోప్రొపిల్ ఆల్కహాల్‌తో తుడిస్తే పోతుంది. నిజం చెప్పాలంటే, పూత రాలుతూ కనిపించేదాన్నే నేను ఎక్కువ నమ్ముతాను. అమ్మినవాళ్ళు దాచిపెట్టలేదని తెలుస్తుంది.

ఇప్పటికే ఒకటి ఇంట్లో ఉన్నవాళ్ళకు ఒక్క మాట. ఈరోజే కాంపాక్ట్ ఫ్లాష్ కార్డు ఒకటి పెట్టి, మీ రాతలన్నీ డి డ్రైవ్‌లోకి, అంటే ఆ కార్డులోకి కాపీ చేయండి. కార్డులోది సెల్స్ పోయినా పోదు. కొత్త ఫైలు తెరిచిన ప్రతిసారీ డి అని ఎంచుకోవడం అలవాటు చేసుకోండి. నేను తొమ్మిదేళ్ళు సి డ్రైవ్‌ను నమ్మాను, పాత యంత్రం ఒక్కసారి కూడా నన్ను వదిలేయలేదు కాబట్టి.

నా పాతది ఇప్పుడు కేబుల్ మార్చడం తెలిసిన ఒకరి దగ్గర ఉంది. కొన్న దాని కేబుల్ కూడా మార్పించాలని ఉంది, ఎందుకంటే ఆ కీబోర్డు చేసిన తప్పేమీ లేదు.

నిన్న మళ్ళీ అదే పేరుతో ఇంకో 5ఎంఎక్స్ ప్రకటన కనిపించింది. అవే మాటలు, నాలుగు ఫొటోలు, స్క్రీన్ సరిగ్గా అదే కోణంలో. మూత తెరిచి మూసే వీడియో పంపమని అడిగాను. ఇంతవరకు జవాబు రాలేదు.