గోండోర్ గోడ మ్యాపు: బట్ట బాగుంది, పేర్లే కలగాపులగం

ఎంవీపీ కాలనీలో మా హాలు గోడకి వేలాడదీద్దామని టోల్కీన్ రాసిన 'లార్డ్ ఆఫ్ ద రింగ్స్' కథా ప్రపంచం మిడిల్ ఎర్త్‌లోని గోండోర్ రాజ్యం మ్యాపు ఒకటి ఆన్‌లైన్‌లో తెప్పించాను. మూడడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు, కాన్వాస్ బట్ట మీద ప్రింటు, 1,450 రూపాయలు. వైజాగ్ ఉప్పుగాలికి కాగితం పోస్టర్లు ఉబ్బి మరకలు పడిపోతాయి, నావి రెండు అలాగే పోయాయి, అందుకే బట్ట అనగానే ఆలోచించకుండా కొనేశాను. పైనా కిందా చెక్క కర్రలు పర్లేదు, వాళ్లిచ్చిన మేకులకి మాత్రం నెలలోనే తుప్పు.

నదులు ఎంత బాగా వేశారో. అండుయిన్ ఉత్తరం నుంచి దిగి, ఆస్గిలియాత్ నగరాన్ని రెండుగా చీల్చుకుంటూ వెళ్లి, బెల్ఫలాస్ అఖాతంలో కలిసేదాకా వేలితో రాసుకుంటూ పోవచ్చు. లెబెన్నిన్ ప్రాంతంలో ఐదు నదులుండాలి, ఐదూ ఉన్నాయి. కెలోస్ వెళ్లి సిరిత్‌లో కలిసే చోటు, సెర్ని, గిల్రైన్ ఒకటయ్యే చోటు కూడా విడివిడిగా కనిపిస్తున్నాయి.

పేర్ల దగ్గరికొచ్చేసరికే ఒళ్లు మండింది. ఆ కథల లెక్కలో రెండో యుగం 3320లో రాజ్యం పెట్టినప్పుడు నదికి పడమట మినాస్ అనోర్ కోట, తూర్పున మినాస్ ఇథిల్ కోట, మధ్యలో రాజధాని ఆస్గిలియాత్. మూడో యుగం 1636లో మహమ్మారికి రాజుతో సహా బోలెడంత మంది పోయి ఆస్గిలియాత్ పలచబడిపోతే, 1640లో రాజు కాపురం అనోర్‌కి మారింది. 2002లో ఇథిల్ శత్రువుల చేతికి పోయి మినాస్ మోర్గుల్ అయింది, ఆ తర్వాతే అనోర్‌ని మినాస్ తిరిత్ అన్నారు. ఈ మ్యాపులో చూస్తే మోర్గుల్‌కి ఎదురుగా అనోర్! పైన పక్క రాజ్యం రోహన్ కూడా వేశారు, ఆ నేలని ఎయోర్ల్ అనే నాయకుడి మనుషులకి ఇచ్చిందే 2510లో కదా. వాల్తేరు అని పాత పేరు బోర్డున్న వైజాగ్ స్టేషన్లో వందే భారత్ ఆగినట్టు బొమ్మ వేస్తే ఎలా ఉంటుందో, అలా ఉంది.

వెనకవైపు చరిత్ర అని చీమ తలకాయంత అక్షరాలు. 2050లో ఎయర్నూర్ రాజు మోర్గుల్ ప్రభువు సవాలుకి రెచ్చిపోయి వెళ్లి తిరిగి రాకపోవడం, 3019 దాకా రాజు బదులు పాలించే స్టూవర్డ్‌లే సింహాసనం ఎక్కకుండా రాజ్యమేలడం, ఇంత కథని ఒక్క వాక్యంలో తేల్చేశారు. అయినా గోడకి తగిలించేదాని వెనక రాస్తే ఎవరు చదువుతారండీ?

పేర్ల సంగతి అమ్మినవాళ్లకి మెసేజ్ పెడితే, డిజైన్ అంతే సార్, కావాలంటే రిటర్న్ పెట్టుకోండి అన్నారు. పెట్టలేదు, నదుల కోసం ఉంచేసుకున్నాను. ఐదుకి మూడు స్టార్లు.

పోర్టులో పని చేసి రిటైరైన మా నాన్న కళ్లజోడు పెట్టుకుని వచ్చి, ఏట్రా ఇది, ఓడరేవెక్కడ అన్నారు. పెలార్గిర్ చూపించాను, సిరిత్ వచ్చి అండుయిన్‌లో కలిసే చోట, సముద్రానికి బాగా లోపల.

"నది మీద పోర్టా! మరి పూడిక ఎవుడు తీస్తాడ్రా?"